ఏసీ మోత పోయింది, మాటలు మాత్రం పోలేదు: హెడ్‌ఫోన్‌లో లోపమా?

మీరు రాసింది చదివితే మీ నాయిస్ క్యాన్సెలింగ్ హెడ్‌ఫోన్‌లో, అంటే బయటి రొదను చెరిపే ఆ హెడ్‌ఫోన్‌లో, లోపం ఉన్నట్లు నాకు అనిపించలేదు. తిరిగి ఇచ్చేయడానికి అప్పుడే తొందరపడకండి. మీ ముఖ్యమైన ఇబ్బందులు నాలుగు. ఏసీ, ఫ్యాను మోత దాదాపు వినపడటం లేదు గానీ పక్క టేబుల్ వాళ్ల మాటలు మునుపటికంటే స్పష్టంగా వినిపిస్తున్నాయి. పెట్టుకున్న కాసేపటికే చెవులు దిబ్బడ వేసినట్లు ఉంటోంది. కుడివైపు కంటే ఎడమవైపు రొద ఎక్కువగా లోపలికి వస్తోంది. ఫోన్ మాట్లాడుతుంటే అవతలివాళ్లు మీ దగ్గర గోలగా ఉందంటున్నారు. కళ్లజోడు వాడతానని చివర్లో ఒక్క మాట అన్నారు చూడండి, నా దృష్టి ముందు దాని మీద పడింది.

ఆడియో పరికరాలు విప్పి బాగుచేసే పనిలో చాలాకాలంగా ఉన్నాను. నాయిస్ క్యాన్సెలింగ్ సరిగా పనిచేయడం లేదంటూ నా బల్ల మీదికి వచ్చేవాటిలో చిప్పు చెడినవి, మైకు పోయినవి తక్కువే. చాలావాటికి రోగం చెవి చుట్టూ ఆనే మెత్తటి కుషన్‌లో ఉంటుంది. మరికొన్నింటికి రోగమే ఉండదు, పెట్టె మీద రాసిన గొప్పలు నమ్మి ఆ పరికరం చేయలేని పనిని దాని నుంచి ఆశించడమే ఉంటుంది.

ముందు మాటల సంగతి చూద్దాం. హెడ్‌ఫోన్ బయటి అంచున ఉన్న మైకు వస్తున్న చప్పుడును ముందుగా పట్టుకుంటుంది. కుషన్ లోపల స్పీకరు ముందున్న మైకు చెవిదాకా చేరినదాన్ని పట్టుకుంటుంది. చిప్పు ఆ తరంగానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని తయారుచేసి స్పీకరులోంచి వదులుతుంది. రెండూ కలిసినచోట ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. సూత్రం ఇంతే, కొత్తది కూడా కాదు. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త పాల్ ల్యూగ్ దీని మీద 1936లోనే అమెరికా పేటెంట్ పొందాడు. కష్టమంతా వేళ తప్పకుండా చేయడంలో ఉంది. నెమ్మదిగా ఊగే ఊయలను ఎదురు తోసి ఆపడం తేలిక. వేగంగా ఊగేదాన్ని అలా ఆపబోయి రెప్పపాటు ఆలస్యమైతే మన తోపు దాని ఊపునే పెంచుతుంది.

దీన్నే అంకెల్లో చూడండి. హెడ్‌ఫోన్ జవాబు సెకనులో పదివేలవ వంతు ఆలస్యమైందని అనుకుందాం. సెకనుకు 100 సార్లు కంపించే మోతలో, అంటే 100 హెర్ట్జ్ దగ్గర, ఒక్కో ఆవృత్తికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. అందులో ఆ ఆలస్యం నూటికి ఒక వంతు. ఆ మాత్రం తేడాతో కూడా మోత 24 డెసిబెల్స్ (ధ్వని బలానికి కొలత) దాకా తగ్గుతుంది. అదే ఆలస్యం 2,000 హెర్ట్జ్ దగ్గర ఆవృత్తిలో అయిదో వంతు అవుతుంది. అక్కడ రెండు తరంగాలు చెరిపేసుకోవడం మాని ఒకదానికొకటి బలం ఇచ్చుకుంటాయి, చప్పుడు తగ్గకపోగా పెరుగుతుంది. అందుకే తయారీదారులు ఎలక్ట్రానిక్స్ పనిని సుమారు 1,000 హెర్ట్జ్ కింది భాగానికి పరిమితం చేసి, ఆపైన ఉన్నదాన్ని కుషన్‌కూ, చెవిని మూసే కప్పు మందానికీ వదిలేస్తారు. ఇంజిన్ హోరు, ఏసీ గుయ్‌మనడం, రైలు పెట్టెలోని దడదడ, ఇవన్నీ కింది భాగంలో ఉంటాయి. మనిషి మాటలో గొంతు బరువు కింది భాగంలో ఉన్నా, మాటను మాటగా పోల్చుకునేది స, శ, త, క, చ వంటి హల్లులతో. వాటి బలం 1,000 హెర్ట్జ్ పైననే ఎక్కువ. పసిపిల్లల ఏడుపు, గిన్నెల చప్పుడు, కుక్క అరుపు కూడా చాలావరకు ఆ కోవలోవే.

అంటే మీ పక్కవాళ్ల గొంతులోని బరువును హెడ్‌ఫోన్ తీసేసింది, హల్లులను వదిలేసింది. పైగా ఇంతకుముందు ఆ హల్లులను కప్పి ఉంచిన ఏసీ మోతను తుడిచేసింది. మాటలు స్పష్టంగా వినిపిస్తున్నాయని మీరు అనుకోవడం భ్రమ కాదు, నిజంగానే వినిపిస్తున్నాయి. ఇంకా ఖరీదైనది కొంటే ఇది పూర్తిగా పోతుందనుకోవద్దు. ఈ మధ్య మోడళ్లు మాటల మీద మునుపటికంటే మెరుగ్గా పనిచేస్తున్నాయి, అది ఒప్పుకోవలసిందే. కానీ 'అవతలి మనిషి నోరు కదులుతోంది, మాట వినిపించడం లేదు' అనే ప్రకటనల దృశ్యం సంగీతం ఆపేసి ఉన్నప్పుడు ఎవరికీ దొరకదు. అసలు ఈ పరికరం పుట్టిందే విమానం హోరు కోసం. బోస్ ఆడియో సంస్థ స్థాపకుడు అమర్ బోస్ 1978లో విమాన ప్రయాణంలో, ఇంజిన్ల రొదలో హెడ్‌ఫోన్ సంగీతం సరిగా వినపడక, అక్కడే కూర్చుని దీని లెక్కలు మొదలుపెట్టాడు. ఆయన సంస్థ నుంచి పైలట్ల హెడ్‌సెట్ 1989లో వచ్చింది, మామూలు ప్రయాణికుల కోసం చేసినది 2000లో వచ్చింది. దాని వంశమే అది. ఆఫీసు కబుర్ల కోసం ఎవరూ దాన్ని కనిపెట్టలేదు.

మాటలు కప్పాలంటే లోపల ఏదో ఒకటి మెల్లగా మోగుతూ ఉండాలి. చాలామంది బ్రౌన్ నాయిస్, అంటే జలపాతం హోరులాంటి ఆగని మోత, పెట్టుకోమని సలహా ఇస్తారు. నాకు అది నచ్చదు. దాని బలమంతా కింది స్థాయుల్లో, అంటే తక్కువ హెర్ట్జ్ దగ్గర, ఉంటుంది, మీకు కప్పవలసింది పై స్థాయుల్లో ఉంది. వాన చప్పుడు గానీ, దాదాపు అలాగే ఉండే పింక్ నాయిస్ గానీ ఇందుకు బాగా నప్పుతాయి. పాట అయితే సాహిత్యం లేనిది పెట్టండి, లేకపోతే పక్కవాళ్ల మాటల బదులు పాట మాటలు మీ పనిని చెడగొడతాయి. మాటలు అర్థం కాకుండా పోయేంత వరకే పెంచండి. అసలు వినపడకుండా పోవాలని పట్టుబడితే ధ్వని చాలా పెంచాల్సి వస్తుంది.

ఇప్పుడు ఎడమవైపు రొద. దీనికి సులువైన పరీక్ష ఒకటి ఉంది, ఏ పనిముట్లూ అక్కరలేదు. ఫ్యానులాంటి ఆగని మోత ఉన్నచోట కూర్చుని, హెడ్‌ఫోన్‌ను తిరగేసి పెట్టుకోండి. ఎడమ కప్పు కుడి చెవికి, కుడి కప్పు ఎడమ చెవికి రావాలి. రొద కప్పుతోపాటు కుడి చెవికి మారితే దోషం పరికరానిది. ఇంకా ఎడమ చెవి దగ్గరే ఉండిపోతే దోషం మీ తలకూ కుషన్‌కూ మధ్య ఉంది. మీ విషయంలో రెండోదే అవుతుందని నా అంచనా.

అద్దం ముందు నిలబడి పక్కకు తిరిగి చూసుకోండి, లేదా ఎవరినైనా ఫోటో తీయమనండి. కళ్లజోడు కాడ కణత దాటి చెవి మీదికి ఎక్కేచోట కుషన్ తోలు చర్మం నుంచి లేచి, కాడకు పైనా కిందా సన్నటి మూలలాంటి ఖాళీ కనిపిస్తుంది. అగ్గిపుల్ల మందం కూడా ఉండదు. ఆ సందు చాలు. పైస్థాయి చప్పుళ్లకు అదేమంత పెద్ద దారి కాదు, కింది స్థాయి మోతకు మాత్రం తలుపు తెరిచినట్లే. బయటి మోత దానిలోంచి లోపలికి వస్తుంది, దాన్ని చెరపడానికి స్పీకరు వదిలిన తరంగం బలం కూడా దానిలోంచే బయటికి జారిపోతుంది. రెండు వైపులా నష్టం. కుషన్ మీద ఆ కాడ ఉన్నచోట వేలితో మెల్లగా నొక్కి చూడండి. నొక్కగానే మోత తగ్గి, పాటలో బేస్ ఒక్కసారిగా చిక్కబడితే మీకు జవాబు దొరికినట్లే.

ఒకవైపే ఎందుకంటారా? కళ్లజోడు కాడలు కాస్త వంగి, ఒకటి తలకు దూరంగా ఉండటం మామూలే. కళ్లద్దాల దుకాణంలో నిమిషంలో సరిచేస్తారు. ఆ వైపు జుట్టు కుషన్ కింద చిక్కుతోందేమో, కమ్మలు అడ్డం వస్తున్నాయేమో చూడండి. హెడ్‌బ్యాండ్‌ను రెండువైపులా సమానంగా లాగారో లేదో కూడా చూడండి. హెడ్‌ఫోన్ల కోసమే ఇంకో కళ్లజోడు చేయించుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, కాడలు సన్నగా, చదునుగా ఉన్న ఫ్రేము తీసుకోండి. మందపాటి ప్లాస్టిక్ కాడలతో ఎంత గొప్ప హెడ్‌ఫోన్ అయినా సగం శక్తే చూపిస్తుంది. అలాంటి ఫ్రేములు వదులుకోలేనివాళ్లకు చెవిలోపల పెట్టుకునే ఇయర్‌బడ్స్ నయం, కళ్లజోడుతో వాటికి పేచీ లేదు.

ఇయర్‌బడ్స్‌తోనూ కథ ఇదే, కుషన్ బదులు సిలికాన్ టిప్ ఉంటుంది. పెట్టెలో వచ్చిన మూడు నాలుగు సైజుల్లో మధ్యది పెట్టుకుని మిగతావి మూట కట్టి పడేసేవాళ్లే ఎక్కువ. అన్నీ ప్రయత్నించండి. రెండు చెవులకు రెండు సైజులు పట్టడం వింతేమీ కాదు. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని పైకి, వెనక్కి లాగి, బడ్‌ను లోపల పెట్టి కొంచెం తిప్పండి. దవడ కదిపినా జారకూడదు. ఏ సిలికాన్ సైజూ కుదరకపోతే మెత్తటి ఫోమ్ టిప్‌లు తీసుకోండి. అవి చెవి ఆకారానికి ఒదుగుతాయి, మాటలను కూడా కొంత ఎక్కువ ఆపుతాయి, కానీ త్వరగా అరుగుతాయి. ఇయర్‌బడ్స్‌కు మరో స్వభావం ఉంది. చెవి మూసుకుపోవడంతో నమిలే చప్పుడు, అడుగుల చప్పుడు, మన గొంతు లోపలి నుంచి దుమ్‌దుమ్‌మని వినిపిస్తాయి. అది చెడిపోవడం కాదు.

చెవులు దిబ్బడ వేయడం గురించి. లోపల గాలి ఒత్తిడి ఏమీ మారలేదు. విమానం ఎక్కినప్పుడు, కొండదారిలో వెళ్లినప్పుడు చెవి మూసుకుపోతే కింది స్థాయి చప్పుళ్లు తగ్గుతాయి. ఇక్కడ కూడా అవే తగ్గడంతో మెదడు దాన్ని పాత అనుభవంతో ముడిపెట్టి ఒత్తిడిగా చెబుతోందన్నది సాధారణంగా ఇచ్చే వివరణ. బాగా నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఇది ఎక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ చెరపడానికి పెద్ద మోతే ఉండదు. కాబట్టి నిశ్శబ్దమైన గదిలో క్యాన్సెలింగ్ ఆపేయండి, కుషన్ ఇచ్చే నిశ్శబ్దం చాలు. మీ హెడ్‌ఫోన్ యాప్‌లో క్యాన్సెలింగ్‌కు స్థాయులు ఉంటే అన్నింటికంటే కిందిదానితో మొదలుపెట్టి, అలవాటయ్యాక పెంచండి. చాలామందికి కొన్నాళ్లకు ఆ భావన తగ్గుతుంది. కొందరికి ఎంత వాడినా తగ్గదు, తలనొప్పి, వికారం కూడా వస్తాయి. ఆ కొందరిలో మీరుంటే మొహమాటం లేకుండా మానేయండి. మొండిగా భరించి అలవాటు చేసుకోవలసినంత గొప్ప వస్తువు కాదు ఇది.

తలుపు ధబ్‌మని వేసినప్పుడో, బస్సు గోతిలో పడినప్పుడో చెవిలో ఠప్‌మని ఒక దెబ్బలాంటిది వినిపిస్తే కంగారు పడకండి. ఒక్కసారిగా వచ్చిన గాలి తోపుకు లోపలి మైకు, చిప్పు తట్టుకోలేక తడబడటమది. తరచుగా వస్తుంటే మాత్రం యాప్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఉందేమో చూడండి. సంగీతం లేనప్పుడు సన్నగా సుయ్‌మని వినిపించడం కూడా మామూలే, మైకుల సొంత చప్పుడది. రెండు వైపులా ఒకేలా ఉన్నంతవరకు దాన్ని పట్టించుకోకండి. గాలిలో నడుస్తుంటే వచ్చే బరబర బయటి మైకు మీద గాలి సుడులు తిరగడం వల్ల. కొన్ని మోడళ్లలో దానికి విడిగా ఒక అమరిక ఉంటుంది, లేకపోతే ఆ కాసేపు క్యాన్సెలింగ్ ఆపడమే మార్గం.

ఎలాగూ రోడ్డు మీద క్యాన్సెలింగ్ వాడకూడదు. వెనుక నుంచి వచ్చే వాహనం ఇంజిన్ హోరునే ఇది అన్నింటికంటే ముందు తుడిచేస్తుంది.

ఫోన్ సంగతికి వస్తే, ఇక్కడ రెండు వేరువేరు పనులు కలిసిపోయాయి. నాయిస్ క్యాన్సెలింగ్ మీ చెవి కోసం. అవతలివాళ్లకు వినిపించేది మీ మైకు పట్టుకున్న ధ్వని, దాన్ని శుభ్రం చేసేది పూర్తిగా వేరే ప్రక్రియ. మొదటిదాంట్లో మేటి అయిన హెడ్‌ఫోన్ రెండోదాంట్లో నాసిగా ఉండవచ్చు, అలాంటివి చాలా చూశాను. మైకు మీ నోటికి జానెడు దూరంలో, చెవి దగ్గర ఉంటుంది. నోటి ముందుకు వచ్చే కాడకు మైకు ఉన్న హెడ్‌సెట్‌తో అది ఎప్పటికీ పోటీ పడలేదు. రోజంతా కాల్స్ మాట్లాడే ఉద్యోగమైతే కాడ ఉన్నదే కొనుక్కోండి. మీరు కంప్యూటర్‌లో మీటింగు మొదలవగానే సంగీతం ధ్వని డొక్కుగా మారిపోతోందని కూడా రాశారు. మామూలు బ్లూటూత్‌లో మైకు తెరవగానే హెడ్‌ఫోన్ కాల్ పద్ధతిలోకి మారి, నాణ్యత తగ్గించుకుంటుంది. కంప్యూటర్ సెట్టింగుల్లో స్పీకరుగా హెడ్‌ఫోన్‌ను ఉంచి, మైకుగా కంప్యూటర్ సొంత మైకును ఎంచుకోండి. ధ్వని మామూలు స్థితికి వస్తుంది, చాలాసార్లు అవతలివాళ్లకు మీ గొంతు కూడా బాగుపడుతుంది.

మీరు అడగకపోయినా చెవుల ఆరోగ్యం గురించి చెప్పాలి, నా దృష్టిలో ఈ వస్తువు కొనడానికి అసలు కారణం అదే. పెద్దలకు వారానికి 80 డెసిబెల్స్ చొప్పున 40 గంటల వరకు వినడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సురక్షిత హద్దుగా చెబుతుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కు సమయం సగమవుతుంది, 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర 10 గంటలు. బస్సులోనో రైల్లోనో మామూలు హెడ్‌ఫోన్‌తో పాట వినాలంటే చుట్టూ ఉన్న రొదను మించి ధ్వని పెంచాలి, అక్కడే ఈ హద్దు దాటిపోతుంది. రొద తగ్గితే మెల్లగా పెట్టుకున్నా పాట వినిపిస్తుంది. కానీ క్యాన్సెలింగ్ ఆన్ చేసినా వాల్యూమ్ పాత చోటే ఉంచేవాళ్లకు ఈ లాభం దక్కదు. ఆన్ చేసిన వెంటనే వాల్యూమ్ తగ్గించడం చేతికి అలవాటు కావాలి. ఇంకొక సంగతి, డ్రిల్లింగ్, గ్రైండింగ్ పనుల దగ్గర దీన్ని చెవి రక్షణగా వాడకండి. ఒక్కసారిగా పేలే చప్పుళ్లను చెరపడం దీనివల్ల కాదు, అందుకోసం పరీక్షించి ధ్రువీకరించిన ఇయర్‌మఫ్‌లు వేరే ఉంటాయి. అలాగే నిశ్శబ్దంలో చెవిలో ఏదో కూతలా వినిపిస్తోందని కొందరు భయపడతారు. ఆ కూత చాలావరకు ముందునుంచీ ఉన్నదే, చుట్టూ గోల తగ్గాక బయటపడింది. అది ఒకే చెవిలో ఉన్నా, రోజుల తరబడి వదలకపోయినా హెడ్‌ఫోన్‌ను తిట్టడం మాని చెవి వైద్యుణ్ని కలవండి.

ఇక ఇది ఎన్నాళ్లు ఉంటుందన్న మీ ప్రశ్న. అన్నింటికంటే ముందు పోయేది కుషన్. పై పొర పొట్టులా రాలడం అందరికీ కనిపిస్తుంది, లోపలి ఫోమ్ చచ్చుబడి పలచబడటం కనిపించదు. పలచబడితే పట్టు తప్పుతుంది, చెవికీ లోపలి మైకుకూ మధ్య దూరం మారుతుంది, లెక్కలన్నీ గతి తప్పుతాయి. 'కొత్తలో బాగుండేది, అప్‌డేట్ తర్వాత క్యాన్సెలింగ్ తగ్గించేశారు' అని నా దగ్గరికి వచ్చేవాటిలో చాలావాటికి కొత్త కుషన్లు వేస్తే జబ్బు కుదిరింది. అప్‌డేట్ల వల్ల నిజంగా మార్పు వచ్చిన సందర్భాలూ ఉన్నాయి, కాదనను. ముందు కుషన్ మార్చి చూడటం చవక, అంతే. మార్చేటప్పుడు ఆ మోడల్‌కు తయారీదారు ఇచ్చినవే వేయండి. చూడటానికి అచ్చం అలాగే ఉన్నవాటిలో మందం, లోపలి రంధ్రం కొలత వేరుగా ఉండి, క్యాన్సెలింగ్ సన్నగిల్లడమో, నొక్కినప్పుడు కీచుమని కూయడమో జరుగుతుంది.

పాత కుషన్ ఊడదీసినప్పుడు లోపలి గుడ్డ మీద, స్పీకరు పక్కన ఒక చిన్న జాలీ కనిపిస్తుంది. లోపలి మైకుకు దారి సాధారణంగా అక్కడే ఉంటుంది. జుట్టు, దుమ్ము, చెమట ఉప్పు అక్కడ పేరుకుంటాయి. మెత్తటి పొడి బ్రష్‌తో, కప్పును కిందికి వంచి దులపండి. నీళ్లు, స్పిరిట్, నోటితో ఊదడం వద్దు. ఇయర్‌బడ్స్‌లో అదే చోట గుబిలి గట్టిపడుతుంది. ఒకవైపు క్యాన్సెలింగ్ తగ్గిందంటూ తెచ్చిన బడ్స్‌ను భూతద్దం కింద పెడితే జాలీ సగం పసుపుపచ్చగా పూడిపోయి ఉంటుంది. పిన్నుతో గుచ్చితే జాలీ చిరుగుతుంది, గుబిలి లోపలికే పోతుంది. టిప్ తీసి, జాలీ కిందికి ఉండేలా పట్టుకుని పొడి బ్రష్‌తోనే మెల్లగా రాలగొట్టండి.

బ్యాటరీ గురించి రెండు మాటలు చాలు. ఎండలో నిలిపిన కారులో వదిలేయకండి, నెలల తరబడి వాడకపోతే సగం చార్జింగుతో పక్కన పెట్టండి. తలమీద పెట్టుకునే హెడ్‌ఫోన్లలో చాలావాటికి బ్యాటరీ మార్చవచ్చు. ఇయర్‌బడ్స్‌లో అతికించిన గుళికలాంటి బ్యాటరీని మార్చడం మాలాంటివాళ్లకు కూడా తలనొప్పే. ఎక్కువ ఏళ్లు వాడాలనుకునేవాళ్లు పెద్ద హెడ్‌ఫోనే తీసుకోవాలని నేను ఎప్పుడూ చెబుతాను.

తిరిగి ఇచ్చే గడువు ముగిసేలోపు మీరు చేయవలసింది ఇది. తిరగేసి పెట్టుకుని ఎడమవైపు పరీక్ష చేయండి. కళ్లజోడు తీసేసి ఇంకోసారి చేయండి. కళ్లజోడు లేకుండా రెండు వైపులా సమానంగా ఉంటే వస్తువు మంచిదే, కాడలు సరిచేయించుకోండి. కళ్లజోడు లేకున్నా, కప్పుతోపాటే రొద చెవి మారుతుంటే ఇక ఆలోచించకుండా మార్చుకోండి, యాప్‌లో రీసెట్లు చేస్తూ గడువు పోగొట్టుకోవద్దు. రెండు పరీక్షల్లో ఏం తేలిందో ఇక్కడే రాయండి, మీ కళ్లజోడు కాడ ఎంత మందమో కూడా చెప్పండి. దాన్నిబట్టి కుషన్ విషయంలో ఇంకేమైనా చేయవచ్చేమో చూద్దాం.